విడదీసే మాటల వెనుక

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. ఇలాంటి పాయను ఇంగ్లీషులో డిస్ట్రిబ్యూటరీ అంటారు. లాటిన్‌లో 'ట్రిబుయెరె' అంటే వాటా ఇవ్వడం, 'డిస్' అంటే వేర్వేరుగా. ఆ మాటలో చీలిక కన్నా పంపకమే ముందుంది. ఎడబాటును చెప్పే ఇంగ్లీషు మాటలు కొన్నిటి మూలంలో తెంపడమే లేదనడానికి ఇదొక సాక్ష్యం. సెపరేట్‌లో 'సె' అంటే పక్కకు, 'పరారె' అంటే సిద్ధం చేయడం. అంటే వేరుగా అమర్చిపెట్టడం. ఇక డైవోర్స్, డైవర్షన్ తోబుట్టువులే. రెండూ దారి మళ్లడాన్ని చెప్పే 'దివెర్తెరె' నుంచి పుట్టాయి. ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట చేసింది ఈ మళ్లింపే. సముద్రంలో కలిసిపోయే నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు తిప్పింది.

మూలం ఏదైతేనేం, నేటి వాడుకే అర్థం కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కోర్టులో విడాకులు కోరేవారికి లాటిన్‌తో పనిలేదు. పైగా అన్ని మాటలూ ఇంత మెత్తనివీ కావు: సెక్షన్‌కు మూలం కోయడం, రప్చర్‌కు విరగడం. అయినా మూలం తెలిస్తే, విడిపోవడాన్ని పూర్వులు ఎన్ని రకాలుగా చూశారో తెలుస్తుంది. ప్రత్యర్థి అనే అర్థంలో వాడే రైవల్‌నే చూడండి. లాటిన్‌లో 'రివాలిస్' అంటే ఒకే వాగు నీటిని వాడుకునేవాడు. కాలువ ఎగువ రైతుకూ శివారు రైతుకూ మధ్య నీటి తగవు ఎరిగిన డెల్టావాసులకు, పొరుగువాడు ప్రత్యర్థిగా ఎలా మారాడో వేరే చెప్పనక్కర్లేదు.