పాసైతే చాలునా?



పిల్లలు డిగ్రీలో చేరగానే లెక్కలకు ట్యూషన్ కావాలా, ల్యాబ్ రికార్డు రాశావా అని వాకబు చేస్తాం. కాని బి.ఏ., బి.కాం., బి.యస్సీ. అన్న తేడా లేకుండా అందరూ చదివి తీరవలసిన పాఠం ఒకటుంది. అదే పర్యావరణ విద్య. "అదా! పరీక్ష ముందు రాత్రి చూసుకుంటే సరిపోతుందమ్మా" అంటారు పిల్లలు.

ఆ పాఠం ఊరికే రాలేదండీ. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో, విద్యాలయాల్లో పర్యావరణం తప్పనిసరి పాఠంగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. సరిగా అమలు కాలేదని 2003లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారు ఆరు నెలల పాఠం తయారుచేశారు. మొత్తం 50 పీరియడ్లు. 100 మార్కుల్లో 75 పరీక్షకు, 25 బయటికి వెళ్లి చేసే పనికి. చెరువో, ఏరో, కొండవాలో, మురికిపట్టిన చోటో స్వయంగా చూసి రాయాలన్నమాట.

సందు దొరికింది అక్కడే. రాతపరీక్షకు గైడు ఉండనే ఉంది. ఆ 25 మార్కులకు సీనియర్ల రికార్డు ఉంది. పేరు మార్చి, అట్ట మార్చి ఇస్తే పని అయిపోయింది. కొన్నిచోట్ల ఈ మార్కులు క్లాసు లెక్కలోకి రావు, పాసైతే చాలు. వందలమందిని బస్సుల్లో తిప్పే ఓపిక, డబ్బు కాలేజీకీ ఉండవు. కనుక ఎవరూ ఎవర్నీ నిలదియ్యరు. 2023లో కమిషన్ వారు కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, ఈ పాఠానికి 4 క్రెడిట్లు పెట్టారు. అయినా కాపీ రికార్డును ఏ క్రెడిట్లు ఆపుతాయి చెప్పండి?

పోయేది మార్కులైతే బెంగలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. పాలకూ మంచినీళ్లకూ జనం అల్లాడిపోయారు. ఆ ఏరు ఏ దారిన వచ్చి కొల్లేట్లో కలుస్తుందో, దారిలో ఎక్కడ ఇరుకైందో తెలుసుకోవడమే ఆ 25 మార్కుల పాఠం. దాన్నేగా మనవాళ్లు కాపీ కొట్టేది!

అందుకని ఈసారి రికార్డు మీ ఎదుట పెడితే, "ఎన్ని మార్కులు?" అనకండి. "ఏ చెరువు చూశావు నాయనా? అందులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి?" అని అడగండి. జవాబు రాకపోతే కోప్పడవద్దు. ఆదివారం పూట బండి తియ్యమనండి, మీరూ కూడా వెళ్లండి. మన వాడనీళ్లు ఎక్కడికి పోతున్నాయో మనమూ చూసినట్టవుతుంది.