అక్షరములు – అంకెలు: పాశ్చాత్యుల విశ్వాసములు



మహాభారతమునకు 'జయ' మను పేరు కలదని మీ రెఱుగుదురు. కటపయాది క్రమమున జకార మెనిమిది, యకార మొకటి. అంకెలను కుడినుండి యెడమకు జదివినచో 18 అగును. పర్వములును 18, యుద్ధము జరిగిన దినములును 18. సంగీతము నేర్చువారు 'ధీరశంకరాభరణము' అను పేరులోని మొదటి రెండక్షరములను బట్టియే యది 29వ మేళకర్త యని చెప్పగలరు. కావున అక్షరమును అంకెగా జదువుట మనకు క్రొత్త గాదు. ఇట్టి పద్ధతియే గ్రీకులలోను యూదులలోను బుట్టి, మొదట లెక్కకును, పిమ్మట ధ్యానమునకును, తుదకు భయమునకును సాధనమైన తీరును నేడు మనవి చేసెదను.

ప్రాచీన గ్రీకులు సంఖ్యలను వ్రాయుటకు దమ యక్షరమాలనే వాడిరి. వాడుకలోని 24 అక్షరములకు, వాడుక తప్పిన మూడింటిని జేర్చి 27 చేసికొనిరి. మొదటి తొమ్మిదియు ఒకట్లు, నడిమి తొమ్మిదియు పదులు, కడపటి తొమ్మిదియు వందలు. యూదుల హెబ్రీ భాషలో అక్షరములు 22. ఆలెఫ్ 1, బేత్ 2, యోద్ 10, కఫ్ 20. కడపటిదైన తౌ 400. తెలుగు బైబిలులో 119వ కీర్తన తెఱచి చూచినచో ఈ యక్షరముల పేర్లు వరుసగా గానవచ్చును. లెక్క వ్రాయువానికి ఇం దేమియు రహస్యము లేదు.

అయినను ప్రతి యక్షరమును ఒక యంకె యైనప్పుడు, ప్రతి పదమునకును ఒక మొత్త మేర్పడును. నిత్యము వేదము పఠించు యూద పండితుల దృష్టి ఆ మొత్తములపై బడెను. ఈ విద్యకు వారు గెమాట్రియా యని పేరిడిరి. హెబ్రీలో 'ఎహాద్' అనగా ఒకటి. దాని మొత్తము 13. 'అహవా' అనగా ప్రేమ; దాని మొత్తమును 13. రెండును గలిసి 26. వారు ఉచ్చరింప వెఱచు నాలుగక్షరముల దైవనామపు మొత్తమును 26 యే. దైవ మొక్కడే, ఆయన ప్రేమస్వరూపుడు అని ధ్యానించువారికి ఈ లెక్క జపమాలవలె నుపకరించెను. 15 అను సంఖ్యను పదియు నైదునుగా వ్రాసినచో ఆ నామములోని మొదటి రెండక్షరములు వచ్చును గనుక, తొమ్మిదియు నాఱునుగా వ్రాయుట నేటికిని వారి యాచారము. 'హాయ్' అనగా జీవము గలది. దాని మొత్తము 18. అందుచే కానుకలను, దానములను 18 యొక్క గుణిజములుగా నిచ్చుట వారిలో గలదు. మన జయమునకును 18 యే గదా! భాషలు వేరు, లెక్కించు క్రమములు వేరు, భావములు వేరు; మొత్తము మాత్ర మొక్కటియే.

'సేఫెర్ యెట్సిరా', అనగా సృష్టిగ్రంథ మను ప్రాచీన హెబ్రీ గ్రంథము, దైవము 22 అక్షరములచేతను 10 సంఖ్యలచేతను జగత్తును నిర్మించెనని చెప్పును. అందు మూడక్షరములు తల్లులు: ఆలెఫ్ వాయువు, మేమ్ జలము, షీన్ అగ్ని. ఏడు అక్షరములు గ్రహములకును వారములకును, పండ్రెండు రాసులకును మాసములకును జెందినవి. మనవారును అక్షరములను మాతృకలనిరి గావున ఈ భావము మనకు వింతగా దోపదు. ఇటలీలో పీకో డెల్లా మిరాండోలా 1486లోను, జర్మనీలో రాయిష్లిన్ 1517లోను ఈ విద్యను గూర్చి వ్రాసి క్రైస్తవ పండితులలో వ్యాపింపజేసిరి.

ఇక దీని రెండవ ముఖమును జూతము. అబ్రాము తన బంధువును విడిపించుటకు 318 మందితో వెడలెనని ఆదికాండము 14వ అధ్యాయమున గలదు. యూద గురువులు లెక్కించి, అబ్రాము సేవకుడైన ఎలీయెజెరు పేరు మొత్తము 318 గనుక అత డొక్కడే వెంట బోయెననిరి. తొలినాటి క్రైస్తవులలో 'బర్నబా లేఖ' వ్రాసినవారు అదే సంఖ్యను గ్రీకులో జదివిరి. 300 అనగా తౌ, అది సిలువ యాకారము. 10, 8 అనగా యేసు నామములోని మొదటి రెండక్షరములు. సంఖ్య యొక్కటియే, ఎవరి మనసులోని దానిని వారు అందు గాంచిరి. హెబ్రీలో 'నాహాష్' అనగా సర్పము, 'మాషియాహ్' అనగా రక్షకుడైన మెస్సీయ. రెండింటి మొత్తమును 358. కఱచునది యెవరో, కాచునది యెవరో అంకె చెప్పజాలదు.

మిఖాయేల్ ష్టీఫెల్ అను జర్మను క్రైస్తవ బోధకు డుండెను. అతడు గణితమున సమర్థుడు; 1544లో ముద్రితమైన అతని గణితగ్రంథము ప్రసిద్ధము. అతడు పదియవ లియో యను పోపు పేరును లాటిన్‌లో వ్రాసి, అందు రోమను అంకెలుగా జెల్లు అక్షరములను మాత్రము గైకొనెను. మొత్తము 1656 వచ్చెను. అందు వేయిని దీసివేసి, పదియవవాడు గనుక పదిని జేర్చి, ప్రకటన గ్రంథములోని మృగసంఖ్యయైన 666 తెప్పించెను. పిమ్మట ఇట్టి లెక్కలచేతనే 1533 అక్టోబరు 19వ తేదీ ఉదయ మెనిమిది గంటలకు లోకాంత మగునని ప్రకటించెను. అతని నమ్మిన రైతులు పొలముపనులు విడిచిరి. గడియ వచ్చెను, పోయెను, లోకము నిలిచెను. బోధకుడు నిర్బంధింపబడెను. విడిచిన సేద్యపు నష్టము మాత్రము రైతులదే. కూడికలో దప్పు లేదు; ఏ యక్షరము నుంచవలెనో, ఏది తీయవలెనో ముందే నిశ్చయించుకొనుటయే దోషము.

నేడు మన గ్రామములందును బిడ్డల పేర్లను ఇంగ్లీషున వ్రాసి, అక్షరములకు అంకెలు వేసి, మొత్తము బాగుగ లేదని ఒక యక్షరము జేర్పించువారు గలరు. ఇది పైథాగొరసు చెప్పిన ప్రాచీనశాస్త్ర మందురు. ఆయన యుండినది 2500 ఏండ్లకు బూర్వము. స్వయముగా వ్రాసిన గ్రంథ మేదియు మనకు దక్కలేదు. ఇంగ్లీషు వరుసలో 'జె', 'యు' అనునవి వేరక్షరములుగ స్థిరపడినది సుమారు 16, 17 శతాబ్దములలోనే. ఆనాడు లేని యక్షరములకు ఆయన యంకెల నెట్లు వేయును? మఱియు లక్ష్మి యను పేరును ఇంగ్లీషున కొందఱు 'ఎక్సు' తోను, కొందఱు 'కె, ఎస్, హెచ్' అను మూటితోను వ్రాయుదురు. మొత్తము మాఱును, పిలిచిన బలుకు బిడ్డ మాఱదు.

నలువది యేండ్లు పిల్లలచే అక్షరములు దిద్దించినవాడను గనుక అక్షరమును దైవముగా దలచువారియెడ నాకు గౌరవము గలదు. ఆ యూద భక్తుడు 15 వ్రాయునపుడు చూపిన జంకు భక్తియే. కాని సంఖ్య కలియలేదని కుదిరిన సంబంధమును విడుచుట గాని, అప్పు చేసి పేరు మార్పించుట గాని భక్తి గాదు. పెద్దలైన మీరు ఇంటిలో ఇట్టి మాట వచ్చినపుడు, అంకె వేసినదెవరు, ఏ లిపిలో వేసిరి, మఱియొక లిపిలో నదే మొత్తము వచ్చునా యని యడుగుడు. ఆ ప్రశ్నలకు సమాధానము వచ్చువఱకు బిడ్డకు మీరు పెట్టిన పేరుననే పిలువుడు.