రోడ్డు ప్రక్క కొలిమి

కొలిమిగుండ్ల అను పేరులోనే కొలిమి ఉన్నది. నేటికిని ఆ ఊరి రోడ్డు ప్రక్కన ఇనుము కాలుచునే యున్నది. అయితే అది నాగటి కర్రులు కాల్చి సాగగొట్టు కొలిమి కాదు. చెడిన లారీలను బాగుచేయువారి కొలిమి. ఆ పనివారి గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

బెలుం గుహలను చూచి వచ్చినవారికి కొలిమిగుండ్ల తెలియకపోదు. ఆ గుహలు ఈ మండలములోనివే. నీరు యుగములుగా తొలిచి గుహలుగా మలచిన సున్నపురాయియే ఈ సీమకు బ్రతుకుతెరువు కూడ. ఒకచోట అది నాపరాయియై మన ఇండ్లలో నేలపై పరచుకొనును. మరియొకచోట సిమెంటుగా మారి గోడలను నిలబెట్టును. తాడిపత్రి, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతములలో గనులును, సిమెంటు కర్మాగారములును చాలకాలముగా ఉన్నవి. కొలిమిగుండ్ల మండలములో రామ్‌కో సిమెంటు కర్మాగారము 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. ఈ మండలము కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినదియు ఆ సంవత్సరము ఏప్రిల్‌లోనే. రాయి యైనను, సిమెంటైనను, బొగ్గైనను, దానిలో చాల భాగము లారీల మీదనే కదలవలెను. ఆ లారీలలో ఏదో ఒకటి, ఏదో ఒక జామున, దారిలో ఆగిపోవును. మేము చెప్పబోవు మనిషికి పని అప్పుడు మొదలగును.

ఒక వేసవి రాత్రి మేము ఆ దారిని పోవుచు టీ కొరకు ఆగితిమి. ఒంటిగంట కావచ్చినది. నాపరాళ్లు నింపుకొన్న లారీ ఒకటి ఒక ప్రక్కకు ఒరిగి నిలిచి యున్నది. దాని క్రింద నుండి రెండు కాళ్లు మాత్రమే మాకు కనబడినవి. ప్రక్కన క్లీనరు కుర్రవాడు సెల్‌ఫోను దీపము పట్టుకొని కునికిపాట్లు పడుచున్నాడు. వెనుక చక్రముల మీది కమాను కట్టలో రెండు పట్టీలు విరిగినవట. ఆ మేస్త్రీ ఉదయము ఏడు గంటలకు షెడ్డు తెరచినాడు. రాత్రి పది గంటలకు మూసి అన్నమునకు కూర్చుండగా ఫోను మ్రోగినది. “అన్నా, కమాన్ కట్ట పోయింది. బండి కదల్లేదు. తెల్లారేలోగా మాల్ దించాల, రాన్నా” అని డ్రైవరు బతిమాలినాడు. కంచము ముందు నుండి లేచి వచ్చినాడు. “ప్రొద్దున చేయరాదా?” అని మేము అడిగితిమి. లారీ క్రింద నుండియే జవాబు వచ్చినది: “పొద్దున జేస్తే ఆయప్పకు బాడుగ పాయె సార్. మల్ల నన్నెందుకు పిలుచ్చాడు?”

ఆ జవాబులో ఆ వృత్తి కష్టమంతయు ఉన్నది. లారీ యజమాని నెల నెలా అప్పు వాయిదా కట్టవలెను. బండి నిలిచిన ప్రతి పూటయు అతనికి నష్టము. డ్రైవరు చెప్పిన వేళకు సరుకు దించవలెను. ఆలస్యమైనచో మాట పడవలెను. సరుకు కొరకు ఎదురు చూచువానికి అతని తొందర అతనికున్నది. అందరి తొందరయు చేతులు మారి, మారి, చివరకు లారీ క్రింద పరుండిన వాని మీద పడును. అతని పనిగంటలను నిర్ణయించునది గడియారము కాదు, ఇతరుల సరుకు.

ఇక ఆ పని యెట్టిదో కొంచెము చూతము. ముందుగా చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. ఇరుసు క్రింద జాకీ నిలిపి, దాని అడుగున కొయ్య దిమ్మె వేయవలెను. లేనిచో ఎండకు మెత్తబడిన తారులోనికో, వానకు నానిన మట్టిలోనికో జాకీ దిగబడును. తరువాత కమాను కట్టను ఇరుసుతో బిగించిన యూ బోల్టులు విప్పవలెను. అవి దుమ్ముతో, తుప్పుతో బిర్రబిగిసి యుండును. పానాకు పొడుగాటి ఇనుప గొట్టము తొడిగి ఇద్దరు బరువు వేసినను కదలని నట్టును గ్యాసు మంటతో కాల్చి, సమ్మెటతో కొట్టి ఊడదీయుదురు. కొత్త పట్టీలను వరుసగా పేర్చి, నడిమి బోల్టు రంధ్రములు ఒకదానితో ఒకటి కలియునట్లు ఒత్తిపట్టి బిగించుట మరియొక యుద్ధము. ఇదంతయు పగటివేళ షెడ్డులో చేయునదైనను కష్టమే. రాత్రివేళ, ప్రక్కనుండి వాహనములు దూసికొని పోవుచుండగా, వెల్లకిల పరుండి, కండ్లలో మట్టి రాలుచుండగా చేయుట యెట్టిదో ఊహించుడు.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము లారీలు మోయదగిన బరువును పెంచినది. మూడు ఇరుసుల లారీ సరుకుతో కలిపి తూగదగిన బరువు 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగినది. బరువు పెరిగిన కొలదియు దానిని మోయు కమానులకు, టైర్లకు, బ్రేకులకు పరీక్ష పెరుగును.

టైర్ల పనిలో వేరొక అపాయము కలదు. పెద్ద లారీ చక్రము డిస్కుతో సహా ఇంచుమించు నూరు కిలోలు తూగును. పాత పద్ధతి డిస్కులలో టైరును పట్టియుంచునది ఒక ఇనుప రింగు. గాలి నింపునపుడు ఆ రింగు సరిగా కూర్చుండకున్నచో, తుపాకి గుండు వలె ఎగిరి ఎదుటివాని ప్రాణము తీయును. ఇనుప పంజరములో నుంచి గాలి నింపినచో ఆ భయము చాల వరకు తగ్గును. కాని రోడ్డు ప్రక్క పనివానికి పంజరమెక్కడిది? టైరు మీద గొలుసు చుట్టియో, దూరముగా నిలిచియో, దైవము మీద భారము వేసియో గాలి పట్టుదురు.

కంటికి కనబడని కీడు మరియొకటి. డీజిలు ఇంజనుల పొగ మనుష్యులకు కాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. ఈ పనివారు రోజంతయు ఆ పొగనే పీల్చుదురు. చేతుల జిడ్డు పోవుటకు డీజిలుతోనే కడుగుకొందురు. దానివలన చర్మము పగులును. నంద్యాల ప్రాంతమున ఏప్రిల్, మే మాసములలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి దినమున కాలిన ఇంజను క్రింద, కాలిన తారు మీద పరుండువానికి పైనను క్రిందను నిప్పే.

చట్టము వీరిని చూడలేదా యని అడుగవచ్చును. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవర్ల వంటి వారికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పరిమితి పెట్టినది. ఆ చట్టమును 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో కలిపినారు. కొత్తగా తయారగు సరుకు లారీలకు క్యాబినులో ఏసీ ఉండవలెనని నిబంధన వచ్చినది. మంచిదే, డ్రైవరు అలసట అందరికిని ప్రమాదము. కాని క్యాబినులో కూర్చుండువానికి చల్లదనము కావలెనని గుర్తించిన మనము, ఆ క్యాబిను క్రింద పరుండువానికి నీడయైనను కావలెనని ఇంకను గుర్తింపలేదు. తన షెడ్డుకు తానే యజమాని, తానే కూలి యైన మనిషికి, ఇన్ని గంటలు చాలునని చెప్పువారెవరు?

విద్య విషయమునను వీరికి కొత్త చిక్కు వచ్చినది. వెనుకటి మేస్త్రీ ఇంజను చప్పుడు విని రోగము చెప్పెడివాడు. 2020 ఏప్రిల్ నుండి వచ్చు బీఎస్-6 లారీలలో సెన్సారులు, కంప్యూటరు పెట్టెలు ఉన్నవి. వాటి రోగము తెలిసికొనుటకు స్కానరు యంత్రము కావలెను. అది కొనలేనివానికి పాత లారీలే దిక్కు. పాత లారీ యన్న పాత యజమాని, తక్కువ కూలి, ఎక్కువ అప్పు.

ఏమి చేయవచ్చును? విజయవాడలో 1960లలో వెలసిన జవహర్ ఆటోనగరు చూడుడు. మోటారు పనివారికి ప్రత్యేకముగా స్థలమిచ్చినచో ఒక పెద్ద పరిశ్రమయే పెరుగునని అది చూపినది. ప్రతి ఊరికిని అంత అక్కరలేదు. లారీలు మెండుగా తిరుగు దారులలో రోడ్డుకు దూరముగా గట్టి నేల, పైకప్పు, దీపము, నీరు గల చోటు ఒకటి ఉన్నచో చాలును. లారీల వలన లాభము పొందు కర్మాగారములును, గనుల యజమానులును, పంచాయతీలును కలిసి పూనుకొన్నచో అది అసాధ్యము కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా పథకములో ఏటికి 20 రూపాయలు కట్టినచో ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. అందుకు బ్యాంకు ఖాతా ఉండవలెను. ఆ సంగతి తెలిసినవారు తెలియని మేస్త్రీకి చెప్పి, దగ్గరుండి కట్టించినచో అదియే పెద్ద సాయము. ఇక పని చేయించుకొనువారు చేయదగినది మరియొకటి కలదు: రాత్రి పనికి రాత్రి కూలి బేరము లేకుండ, అప్పు పెట్టకుండ, అప్పుడే ఇచ్చుట.

ఆ రాత్రి మేము చూచుచుండగా పని ముగియుసరికి మూడున్నర దాటినది. డ్రైవరు ఇచ్చిన నోట్లను మేస్త్రీ లెక్కపెట్టలేదు. చేతికి గ్రీజు ఉన్నదని క్లీనరు చేత జేబులో పెట్టించుకొన్నాడు. దీపపు వెలుగులో పానాలు మాత్రము ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి సంచిలో వేసికొన్నాడు. లారీ కదలి పోయినది. ఏడు గంటలకు మరల షెడ్డు తెరువవలెనని చెప్పి అతడును వెడలినాడు.

మన ఇంటి నేల మీద పరచిన నాపరాయి ఇట్టి ఏ రాత్రి దాటి వచ్చినదో మనకు తెలియదు. కనుక ఈ ప్రసంగము వినిన వారికి మా మనవి ఒక్కటే. చీకటివేళ రోడ్డు ప్రక్కన జాకీ మీద నిలిచిన లారీ కనబడినచో వేగము తగ్గించి, ఎడముగా జరిగి పొండు. దాని క్రింద మనిషి ఉండును.