మాటలతో గీయు పటములు

రేడియోలో పటములను గురించి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. మేము చూపలేము, మీరు చూడలేరు. అయినను ఈ విషయమునకు ఈ వేదిక తగినదే యని మా నమ్మకము. ఏలయన, నోటితో స్పష్టముగా చెప్పరాని పటము కాగితముపై కూడ స్పష్టముగా నుండదు. ఏఐ కోడింగ్ సహాయకములు వచ్చిన పిదప ఈ మాట మరింత నిజమైనది. నేడు సాంకేతిక పటము గీయుటకు అనేకులు వాడు పనిముట్టు పెన్సిలు కాదు, మాటయే.

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమునందు పటముల అవసరము ఇంటింటికిని తెలిసినదే. ఈ మండలమున మంగళ్‌పల్లి మొదలైన చోట్ల ఇంజనీరింగ్ కళాశాలలు వెలసినవి. ఆదిబట్లలో టీసీఎస్ వారి కార్యాలయ ప్రాంగణ మున్నది. అక్కడనే 2018లో ప్రారంభమైన టాటా–బోయింగ్ కర్మాగారమున అపాచే హెలికాప్టరుల దేహభాగములు తయారగుచున్నవి. విద్యార్థి ప్రాజెక్టు నివేదికకు పటము కావలెను. ప్రోగ్రాము వ్రాయువానికి పటము కావలెను. కర్మాగారమున పనివానికి పటమే ఆజ్ఞాపత్రము. వీటన్నిటికంటె పాతది ఊరి పెద్దచెరువు. కుతుబ్‌షాహీల కాలమునాటి ఆ చెరువునకును, ఈ ఊరికిని 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరే నిలిచినది.

సాంకేతిక పటము బొమ్మవంటిది కాదు. బొమ్మ వస్తువు రూపమును చూపును. పటము వస్తువుల సంబంధమును చూపును. ఏది ముందు, ఏది వెనుక, ఏది దేనికి ఆధారము అను ప్రశ్నలకు అది జవాబు. పని జరుగు క్రమమును గుర్తులతో చూపు పద్ధతిని గిల్బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ముందుంచిరి. గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ అను పండితులు 1947లో కంప్యూటరు లెక్కల క్రమమును అట్టి పటములతోనే వివరించిరి. లండను భూగర్భ రైళ్లకు హ్యారీ బెక్ గీసిన పటము 1933లో ప్రయాణికుల చేతికి వచ్చెను. ఆయన దూరముల కొలతను, దారుల వంకరలను విడిచిపెట్టి, ఏ స్టేషను తరువాత ఏ స్టేషను, ఎచ్చట రైలు మారవలెను అన్నంతవరకే చూపెను. ప్రయాణికునకు కావలసినది అంతే. దేనిని విడువవలెనో తెలిసికొనుటయే పటవిద్యలో సగము.

ఇక ఏఐ సహాయకము ఈ పనిని ఎట్లు చేయును? అది సాధారణముగా కుంచె పట్టదు, అక్షరములు వ్రాయును. పటములను అక్షరములలో వ్రాయు చిన్న చిన్న భాషలు ఉన్నవి. బెల్ ప్రయోగశాలలలో పుట్టిన గ్రాఫ్‌విజ్ వాటిలో పాతది. 2014లో క్నుట్ స్వైడ్‌క్విస్ట్ ఆరంభించిన మెర్మెయిడ్ మరియొకటి. 2022 నుండి గిట్‌హబ్‌లో దానిని వ్రాసినచో అక్కడనే పటముగా కనబడుచున్నది. ఇందులో తూము అని వ్రాసి, రెండు అడ్డగీతలు, ఒక బాణపుమొన వ్రాసి, పిదప కాలువ అని వ్రాసినచో చాలును. రెండు గడులును వాటి నడుమ బాణమును కంప్యూటరే అమర్చును. ఎక్కడ ఏ గడి నుండవలెనో మనమే నిర్ణయింపదలచినచో ఎస్‌వీజీ అను పద్ధతి యున్నది. అది 2001 నుండి ప్రమాణముగా నున్నది. అదియు అక్షరములే. అక్షరములు వ్రాయుట నేర్చిన యంత్రమునకు ఈ పటములు సులభములైనది ఇందువలననే.

ఇందలి పెద్ద లాభము గీయుటలో కంటె దిద్దుటలో నున్నది. చిత్రముగా నున్న పటములో ఒక గడి పేరు మార్చవలెనన్న మరల గీయవలెను. అక్షరములుగా నున్నచో ఒక పంక్తిని మార్చిన చాలును. నిన్న ఏమున్నది, నేడు ఏమి మారినది అను సంగతి పంక్తివారీగా కనబడును. ప్రోగ్రాముతో పాటు పటమును కూడ ఒకేచోట భద్రపరుపవచ్చును. ప్రోగ్రాము మారి పటము మారకపోవుట యను పాతరోగమునకు ఇది మంచి మందు.

ఈ సంగతిని పరీక్షింపదలచి మేము ఇబ్రహీంపట్నపు పెద్దచెరువును మనస్సున నుంచుకొని, ఈ ప్రాంతపు గొలుసుకట్టు చెరువుల పద్ధతికి ఒక పటము తయారుచేయ బూనితిమి. మొదట “చెరువు నీటిపారుదలకు ఒక పటము గీయుము” అని మాత్రమే అడిగితిమి. క్షణములో ఇరువదికి పైగా గడులతో రంగురంగుల పటము వచ్చెను. అందులో మోటారు పంపులు, నీటిశుద్ధి కేంద్రము, మేమడుగని మరెన్నో ఉండెను. గీతలు ఒకదానినొకటి దాటుచు సాలెగూడువలె నుండెను. తప్పు యంత్రముది కాదు. ఆ పటము ఏ ప్రశ్నకు జవాబో మేమే చెప్పలేదు.

రెండవసారి ముందుగా కాగితముపై మాటలు వ్రాసికొంటిమి. ఈ పటము చూచువాడు పదవ తరగతి విద్యార్థి. అతనికి తెలియవలసినది, వాననీరు ఏ దారిన వచ్చి ఏ దారిన పోవును అను ఒక్క విషయము. ఉండవలసిన గడులు ఏడు: పరీవాహక ప్రాంతము, వాగు, చెరువు, తూము, కాలువ, ఆయకట్టు, మత్తడి. అలుగు అనునదే మత్తడి. నీరు పైనుండి క్రిందికి పోవునట్లు బాణములుండవలెను. రంగులు రెండింటికి మించరాదు. పంపులు, పైపులు వలదు. ఈ మాటలనే సహాయకమునకిచ్చితిమి. ఈసారి వచ్చిన పటము మొదటి చూపునకే అర్థమగునట్లుండెను.

దిద్దునప్పుడు మరియొక పాఠము నేర్చితిమి. “దీనిని ఇంకను బాగుచేయుము” అని యడిగినచో, అది బాగున్నవాటిని కూడ మార్చివేసెను. ఆయకట్టు పేరు పోయి పొలములు అని వచ్చెను. అందుచేత ఒక్కొక్కసారి ఒక్కొక్క మార్పునే అడుగుట మేలు. ఫలానా గడి పేరు మార్చుము, మిగిలినదేదియు ముట్టకుము అనవలెను. తరువాత ఏ పంక్తులు మారినవో చూచుకొనవలెను.

తెలుగు లిపి విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఎస్‌వీజీలో వ్రాయించినప్పుడు సహాయకము అక్షరముల వెడల్పును ఉజ్జాయింపుగా లెక్కించును. మన ఒత్తులు క్రిందికి దిగును, గుణింతపు గుర్తులు పైకి లేచును. కాబట్టి “పరీవాహక ప్రాంతము” అను మాట గడిని దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చెను. గడిని వెడల్పు చేయించి, పంక్తుల నడుమ ఎడము పెంచి, తెలుగు ఫాంటును పేర్కొని, చివరకు తెరపై మా కన్నులతో చూచిన పిదపనే నమ్మితిమి. వ్రాసిన అక్షరములను చదివి పటము బాగున్నదనుకొనరాదు; పటమును పటముగా చూడవలెను.

ఇంత చేసిన పిదప మా పటము మాకు ముచ్చటగా కనబడెను. గీతలు తిన్నగా నున్నవి, గడులు సమానముగా నున్నవి. దానిని అచ్చువేసి చెరువు క్రింద సేద్యము చేసిన ఒక వృద్ధ రైతునకు చదివి వినిపించితిమి. ఆయనకు కళ్లజోడు లేదు; అందుచేత బాణము వెంట బాణము నోటితో చెప్పుచు వచ్చితిమి. వాగు చెరువులోనికి, చెరువు తూములోనికి, తూము కాలువలోనికి, కాలువ ఆయకట్టునకు, మత్తడి ఆయకట్టునకు. అక్కడ ఆయన చేయి అడ్డముపెట్టి ఇట్లనెను: “ఆగు సారూ. మత్తడి దుంకిన నీళ్లు పొలాలకు ఎట్ల పోతయి? అవి కింది చెరువుకు పోతయి. పొలాలకు తూము నీళ్లే పారుతయి.”

మేము సిగ్గుపడితిమి. ఆ బాణమును గీసినది యంత్రము. చూచి ఊరకున్నది మేము. కింది చెరువు అను గడినే మేము చెప్పలేదు. మత్తడికి వెలుపలికి దారి లేకపోవుటచే, యంత్రము తనకు తోచిన దారి కల్పించెను. పటము వికారముగా నున్నచో బహుశః అనుమానించి యుందుము. చక్కగా నుండుటయే మా కన్ను గప్పినది. చేతితో గీసిన పటములో సందేహమున్నచోట గీత వణకును, పెన్సిలు చెరిపిన మరక కనబడును. యంత్రము గీసిన పటములో తెలిసినదియు, ఊహించినదియు ఒకే నిగ్గుతో మెరయును.

ఇది చిన్న తప్పా? గొలుసుకట్టు చెరువులలో మత్తడి నీటి దారియే ప్రాణము. ఆ దారి ఎవరి పటములోను లేకపోయినచో, అది ఖాళీస్థలమని తలచి ఇండ్లు కట్టుదురు. 2020 అక్టోబరులో హైదరాబాదున చెరువులు పొంగి కాలనీలు నీట మునిగినప్పుడు, నీరు తన పాతదారిని మరువదని నగరము తెలిసికొన్నది. పటములోని ఒక్క బాణము తప్పుట ఎంతదూరము పోవునో ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. దిద్దుట మాత్రము సులభమే అయ్యెను. కింది చెరువు అను ఎనిమిదవ గడిని చేర్చి, మత్తడి పంక్తిలో ఆయకట్టు అను మాట తీసి ఆ పేరు పెట్టించితిమి. ఒక్క నిమిషము పట్టెను. ఆ ఒక్క నిమిషపు పనికి ఆ రైతు అనుభవము జీవితమంత.

కళాశాల విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇదియే. నివేదికలోని పటము నిగనిగలాడవచ్చును; కాని పరీక్షకుడు ఒక బాణముపై వ్రేలుంచి “ఇది ఎందుకు ఇటు పోవుచున్నది?” అని యడిగినప్పుడు మాట రాకపోయినచో ఆ పటము మీది కాదు. కొందరు పెద్దలు ఇందుచేతనే యంత్రమును పూర్తిగా వలదందురు. మేము అంతదూరము పోము. గీతలు తిన్నగా గీయుటలో గంటలు వ్యయపరచుట విద్య కాదు. కాని గడులు ఏవి, బాణములు ఎటు అను నిర్ణయము మాత్రము విద్యయే. దానిని ఒప్పగింపరాదు. ముందు చిత్తుకాగితముపై పెన్సిలుతో గీయుడు. పిదప మాటలలో వ్రాయుడు. పిదప సహాయకమున కిండు. వచ్చినదానిని బిగ్గరగా చదువుడు. విషయము తెలిసినవానికి వినిపింపుడు. తెలిసినవాడు ఇంజనీరే కానక్కరలేదని మా అనుభవము.

ప్రసంగారంభమున మీరు చూడలేరంటిమి. ఇప్పుడు మీ మనస్సులో ఒక చెరువు పటము ఉండియే యుండును. తూమునుండి బాణము పొలములకు, మత్తడినుండి బాణము కింది చెరువునకు పోవుచున్నచో, మేము చెప్పినది సరిగా చేరినట్లే.