ఎన్నికల ప్రకటనలు – ఓటరుల వివేకము
(మెండోరలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

 ఉపాధ్యాయవృత్తియందుండి విరమించినవాడు విద్యను గూర్చియే మాటలాడునని పలువు రనుకొని యుందురు. నేడు నేను చెప్పదలచినదియు నొక విధమైన విద్యయే. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన గోడలను, చెవులను, సెల్‌ఫోనులను ముంచివేయు ప్రకటనలను చదువు విద్య యది. ఓటు మన చేతిలోనిదే. దానిని నడపు బుద్ధి మాత్రము పరుల చేతిలోనికి పోవుచున్నదా యని మనము విచారింపవలసి యున్నది.

మీమాంసకులు వేదవాక్యములను విభజించుచు విధి యనియు, అర్థవాద మనియు భేదములు చెప్పిరి. ఇది చేయవలెనని తెలుపునది విధి. ఆ కార్యమునందు రుచి పుట్టించు స్తుతియు, తద్విరుద్ధమునందు రోత పుట్టించు నిందయు నర్థవాదము. ఎన్నికల ప్రకటనలలో నధికభాగ మర్థవాదమే. నాయకుని నిలువెత్తు బొమ్మ, చెవులు చిల్లులుపడు పాట, ప్రత్యర్థి దూషణము, ఇవన్నియు నట్టివే. "ఈ పనిని, ఇంత ధనముతో, ఈ గడువులోపల, ఈ యధికారముచే చేయుదును" అను మాట యొక్కటియే విధివంటిది. అర్థవాదము దోషము కాదు. దానినే విధిగా భ్రమించుట మాత్రము మోసపోవుటకు మొదలు.

ఈ భేదమున కుదాహరణము మన తెలుగుదేశముననే కలదు. 1982 మార్చి 29వ తేదీని పార్టీని స్థాపించిన నందమూరి తారకరామారావుగారు చైతన్యరథముపై నూరూర తిరిగి, 1983 జనవరి యెన్నికలలో నధికారము పొందిరి. తెరపై రామునిగా, కృష్ణునిగా చూచిన రూపము కన్నులయెదుట నిలుచుటయే గొప్ప ప్రకటన. అయినను రెండు రూపాయలకు కిలో బియ్యమను మాట దానితోడనే యుండెను. రూప మర్థవాదము, బియ్యపు ధర విధి. ఆ ధరను గృహిణి సయితము లెక్క చూడగలిగెను.

ఇక మన నిజామాబాదు సంగతి. 2019 ఏప్రిల్ 11వ తేదీని జరిగిన లోక్‌సభ యెన్నికను స్మరింపుడు. పసుపు, ఎఱ్ఱజొన్న పండించు మన రైతులు పసుపుబోర్డును, గిట్టుబాటు ధరను కోరుచు నామినేషనులు వేసిరి. పోటీదారులు 185 మంది కాగా, నూటడెబ్బదికి పైగా రైతులే. ప్రతి పోలింగు కేంద్రమునను పండ్రెండేసి బాలెట్ యంత్రములను వరుసగా కూర్పవలసి వచ్చెను. 1996లో నల్లగొండయందు ఫ్లోరైడు నీటి బాధను లోకమున కెఱిగించుటకై జనులు పెద్దసంఖ్యలో నిలువగా, పోటీదారులు 480 మందియై, బాలెట్టు పుస్తకమంత యయ్యెను. పెద్ద పార్టీలవలె ధనము లేనివారికి బాలెట్టే ప్రకటనపత్రమయ్యెను. వారు గెలుచుటకు గాక, తమ మాట వినబడుటకై నిలిచిరి.

ఆ యెన్నికలోనే ధర్మపురి అర్వింద్‌గారు బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసియిచ్చి, నాటి సభ్యురాలు కల్వకుంట్ల కవితగారిపై గెలిచిరి. 2023 అక్టోబరు 1న ప్రధానమంత్రి మహబూబ్‌నగరులో బోర్డును ప్రకటించిరి. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా నది ప్రారంభమయ్యెను. మాట నిలిచెనని కొందఱు, ఆలసించెనని కొందఱు వాదింతురు. నా ప్రశ్న వేఱు. రైతునకు కావలసిన ఫలము బోర్డా, ధరయా? కేంద్రప్రభుత్వము కనీస మద్దతుధర ప్రకటించు 22 పంటలలో పసుపు లేదు. బోర్డను మాటను గోడపై వ్రాయుట సులభము. ధర యని వ్రాసినచో, ఎవరు కొందురు, ఏ ధనముతో కొందురు అనునదియు వ్రాయవలసి వచ్చును. సాధనము పెద్ద యక్షరములలో వెలుగగా సాధ్యము మఱుగుపడుట ప్రకటనల స్వభావము.

బోధను శక్కర్‌నగరములోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. దానిని మరల తెఱపింతుమను మాట యెన్నికలలో చెఱకురైతుల చెవిని పడుచునే వచ్చినది. అప్పు లెవరు తీర్తురు? పాతయంత్రముల గతి యేమి? చెఱకు విడిచి వరికి మరలిన పొలములలో మరల చెఱకు నాటించు టెట్లు? ఈ మూడింటికి సమాధానము లేని కరపత్ర మర్థవాదమే.

చట్టము మనకు కొంత తోడ్పడుచున్నది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి యెన్నికల కరపత్రముపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లును, చిరునామాలును ఉండవలెను. పోలింగు ముగియుటకు ముందటి 48 గంటలు బహిరంగసభలు కూడవు. జెమిని టీవీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న నిచ్చిన యాజ్ఞచే టెలివిజను ప్రకటనలకు ముందుగా ధ్రువీకరణము పొందవలసి వచ్చెను. అయినను ఊరూపేరు లేక రాత్రికి రాత్రి వాట్సాపులో ప్రాకు దృశ్యమును చట్ట మందుకొనులోపల నది వేయిండ్లు తిరిగివచ్చును. అచ్చట మన వివేకమే కావలి.

సోదరులారా! కటువైన మాట యొకటి చెప్పక తప్పదు. కులము పేరిట అభ్యర్థి ఓటడుగుట ఆ చట్టమునందే అవినీతికర చర్యగా పేర్కొనబడినది. అట్లుండగా కులసంఘముల పెద్దలే కొన్నియెడల "మావి యిన్నివేల ఓట్లు" అని, మార్కెట్టుయార్డులో పసుపు బస్తాలను లెక్కపెట్టినట్లు చెప్పుదురు. లెక్కింపబడిన బస్తాకు ధర కట్టుదురు గాని, దాని యభిప్రాయ మడుగరు. అప్పుడు మన సంఘమే యొక ప్రకటనఫలక మగును. సంఘము విద్యార్థివసతిగృహము కొఱకు, పేదబాలికల చదువు కొఱకు ఎల్లపార్టీలను నిస్సంకోచముగ నడుగవచ్చును. దానికి మాఱుగా నింటింటి యోటును మూటగట్టి యప్పగించు నధికార మెవరికిని లేదు.

కావున మూడు విన్నపములు. ప్రతి గ్రామశాఖయు నొక పుస్తకమునందు ఎన్నికల కరపత్రముల నంటించి, తేదీ వేసి యుంచవలెను. గెలిచినవారి వాగ్దానములలో నెరవేరినవానిని, నెరవేరనివానిని ప్రతివార్షికసభలోను పక్షపాతము లేక చదివి వినిపింపవలెను. ఎన్నికల సంవత్సరమున మన సంచికలో అభ్యర్థుల బొమ్మలతోడి శుభాకాంక్షల ప్రకటనలను స్వీకరింపరాదు. దీనివలన నగు నష్టమును పోషకులు పూరింతురని నా విశ్వాసము. వారి దాతృత్వమే యింతకాలము సంచికను నిలిపినది.

ఈ విన్నపములను కార్యవర్గము తీర్మానముగా స్వీకరింపగోరుచున్నాను.