కొండకు కడలికి నడుమ: చిలీ దేశము
(ఉపన్యాస పాఠము)

 

దక్షిణ అమెరికా పటమును పరికించినచో, పడమటి అంచున ఉత్తరీయము వలె వ్రేలాడు దేశమొకటి కానవచ్చును. అదియే చిలీ. దాని నిడివి సుమారు 4,300 కిలోమీటర్లు. కాశ్మీరము నుండి కన్యాకుమారి వరకు గల దూరముకంటె వేయి కిలోమీటర్లు అధికము. వెడల్పు మాత్రము సగటున 180 కిలోమీటర్లే. తూర్పున ఆండీస్ పర్వతములు, పడమర పసిఫిక్ మహాసముద్రము. ఈ రెంటి నడుమ ఇరుకున బడిన నేలపై మానవుడెట్లు బ్రదుకుచున్నాడన్నదే నేటి విషయము.

ఈ దేశమును ఉత్తరము నుండి దక్షిణమునకు అయిదు మండలములుగా విభజింతురు. మొదటిది మహోత్తర మండలము. అటకామా ఎడారి ఇందే కలదు. తూర్పు మేఘములను ఆండీస్ అడ్డగించును. తీరము వెంట పారు హంబోల్ట్ శీతల ప్రవాహము వాన పుట్టనీయదు. అరికా పట్టణమున సాలుసరి సగటు వర్షము ఒక మిల్లీమీటరైనను లేదు. కాని పైరు పండని ఆ నేల కడుపున రాగియు, సురేకారమును కలవు. 1879లో పెరూ, బొలీవియాలతో చిలీకి యుద్ధము రేగుటకు ఆ సురేకారమే ముఖ్య హేతువు.

రెండవది లఘు ఉత్తర మండలము. అచట ఏటిలోయలు మాత్రమే పచ్చగా నుండును. 1945లో నోబెల్ బహుమానమందిన కవయిత్రి గాబ్రియేలా మిస్ట్రాల్ అట్టి ఎల్కీ లోయలో 1889లో జన్మించినది. మూడవది మధ్య మండలము. రాజధాని శాంటియాగో ఇచటనే యున్నది. జనులలో అత్యధికులును ఇచటివారే. వానలు చలికాలమున కురియును. వేసవిలో ఆండీస్ మంచు కరగి కాలువలను నింపును. ద్రాక్షతోటలకు ఆ మంచే ఆధారము. 2010 నుండి పదేండ్లకు పైగా వానలు తగ్గగా, ఆ ఆధారమెంత సున్నితమో రైతులకు తెలిసివచ్చినది.

నాలుగవది సరస్సులు, అడవులు, అగ్నిపర్వతములు గల దక్షిణ మండలము. అయిదవది కొనదక్షిణము: హిమనదములు, కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన కడలి పాయలు. అచటి పుంటా అరెనాస్ నగరమునకు స్వదేశమున ఎడతెగని బాటయే లేదు. ఓడనెక్కవలెను, లేదా అర్జెంటీనా మీదుగా పోవలెను.

సముద్రము క్రింది భూఫలకము ఖండపు ఫలకము క్రిందికి దూరుచుండుటచేతనే ఆండీస్ లేచినవి. నేల కంపించుటయు అందుచేతనే. 1960 మే 22న వాల్దీవియా ప్రాంతమున 9.5 తీవ్రతతో వచ్చిన భూకంపము, ఇంతవరకు కొలిచినవాటిలో మిక్కిలి పెద్దది. దాని కెరటములు మహాసముద్రము దాటి హవాయిలోను, జపానులోను జనులను బలిగొన్నవి.

అంతటితో ఆపద తీరలేదు. కొండచరియలు విరిగిపడి రిన్యివే సరస్సునుండి వెడలు ఏటిని మూసివేసినవి. నీరు దినదినము పెరుగుచుండెను. ఆ అడ్డుకట్ట ఒక్కుమ్మడిగా తెగినచో దిగువనున్న వాల్దీవియా కొట్టుకొనిపోవును. చెరువుకట్ట తెగుటయన నేమో ఎరిగిన గ్రామస్థులకు ఆ భయమును వర్ణింపనక్కరలేదు. బురదలో యంత్రములు దిగబడగా కూలీలు పారలు చేతబట్టిరి. 24 మీటర్ల ఎత్తుగల మట్టికట్టను 15 మీటర్లకు దించి, అలుగు వలె దారి చేసిరి. రెండు నెలల శ్రమానంతరము నీరు మెల్లగా వెడలినది. పల్లపు వీధులు మునిగినను పట్టణము నిలిచినది.

ఇట్టిదే 1575లోను జరిగినది. నాడు కట్ట దానంతటదే తెగి, అనేకులు మరణించిరి. నాటి వాల్దీవియా పాలనాధికారి మరీన్యో దే లొబేరా ఆ వృత్తాంతమును తన చరిత్ర గ్రంథమున వ్రాసియుంచెను.

కొండ మారలేదు, కడలి మారలేదు. మారినది మానవుని యెరుకయు, పదిమంది కలిసి పట్టిన పారయు. ఒక తరము చూచినదానిని మరియొక తరమునకు అందించునది గ్రంథము. దానిని భద్రపరచునది గ్రంథాలయము.