ఎనిమిదేళ్ళ తర్వాత అదే సఫారీ లాడ్జ్‌కి... ఈసారి అమ్మతో

 

ఈ ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. సౌత్ ఆఫ్రికా సఫారీ అనగానే సింహాలు, చిరుతలు, ప్రైవేట్ పూల్ చూపిస్తాడులే అనుకుంటారు. అవి కూడా చెప్తాను. కానీ అసలు విషయం ఒక ఫోటో గురించి. నేను పంపుతానని చెప్పి పంపని ఒక ఫోటో.

ముందు ప్లేస్ చెప్తాను. సౌత్ ఆఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్క్ పేరు మీరు వినే ఉంటారు. 1926లో నేషనల్ పార్క్ అయింది. దానికి పడమటి వైపు ఆనుకుని సాబీ సాండ్ అని ప్రైవేట్ రిజర్వ్ ఉంది. ఒకప్పుడు రెండింటికీ మధ్య కంచె ఉండేది. 1993లో తీసేశారు. ఇప్పుడు జంతువులకి అది క్రూగర్, ఇది సాబీ సాండ్ అని తేడా ఏమీ లేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. తేడా అంతా మనకే. క్రూగర్‌లో మన కారు మనమే నడుపుకోవచ్చు కానీ రోడ్డు దిగకూడదు, సాయంత్రం గేటు టైమ్‌కి క్యాంప్‌లో ఉండాలి. సాబీ సాండ్‌లో లాడ్జ్ వాళ్ళ ఓపెన్ జీపులోనే వెళ్ళాలి. చిరుత పొదల్లోకి వెళ్తే జీపు కూడా పొదల్లోకి వెళ్తుంది. చీకటి పడ్డాక కూడా తిరగొచ్చు.

మేం మొదటిసారి 2017లో వెళ్ళాం. నేను, మా ఆవిడ, అప్పటికి ఏడేళ్ళ మా పాప, మా నాన్న. అమ్మ మోకాలి నొప్పి అని రాలేదు. ఇప్పుడు మళ్ళీ మొన్న జూన్‌లో వెళ్ళాం. ఈసారి అమ్మ వచ్చింది, మధ్యలో పుట్టిన మా బుడ్డోడు వచ్చాడు. నాన్న లేరు. 2021లో పోయారు.

లాడ్జ్ పేరు చెప్పను, ఇది ప్రమోషన్ కాదు. డబ్బు సంగతి మాత్రం దాచను. సాబీ సాండ్‌లో మనిషికి ఒక రాత్రికి లక్ష రూపాయలు దాటే లాడ్జీలు చాలా ఉన్నాయి. మొదటిసారి నాకు ఆఫీసులో బోనస్ వచ్చింది కాబట్టి వెళ్ళాం. రెండోసారికి నాలుగేళ్ళు దాచాం, ఉన్నది మూడు రాత్రులే. "అంత డబ్బు పెట్టి పులుల్ని చూడాలా, తిరుపతి జూలో లేవా?" అని అమ్మ బయల్దేరే రోజు దాకా అంటూనే ఉంది. అమ్మా, ఆఫ్రికాలో పులులు ఉండవు, చిరుతలు ఉంటాయి అంటే, "ఏదో ఒకటిలే" అంది.

ఇప్పుడు ఫోటో సంగతికి వస్తాను.

సఫారీ జీపులో ఇద్దరు ఉంటారు. ఒకరు రేంజర్. బండి నడుపుతాడు, రైఫిల్ ఉంటుంది, మనతో మాట్లాడతాడు. రెండో మనిషి ట్రాకర్. బండి ముందు బానెట్ ఎడమ వైపు ఒక చిన్న సీటు ఉంటుంది, అందులో కూర్చుంటాడు. ఎదురుగా అద్దం లేదు, తలుపు లేదు. నేల చూస్తూ వెళ్తాడు. పిల్లి జాతి అడుగుల్లో మామూలుగా గోళ్ళ గుర్తులు పడవు, గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి. హైనా అడుగు అయితే గోళ్ళు పడతాయి. అడుగు అంచు పదునుగా ఉందా, గాలికి కరిగిందా, దాని మీద రాత్రి మంచు చుక్కలు పడ్డాయా, పురుగు పాకిందా, ఇవన్నీ చూసి అది ఎప్పుడు వెళ్ళిందో చెప్తాడు. ఉడుత అరుపు విని చెయ్యి ఎత్తి బండి ఆపించేస్తాడు. మనం వీడియోల్లో చూసే ప్రతి చిరుత వెనక అలాంటి మనిషి ఒకరు ఉంటారు, కానీ ఆయన వీడియోలో ఉండడు.

2017లో మా ట్రాకర్ ఒక నలభై ఏళ్ళ మనిషి. షాంగాన్ ఆయన, మాట్లాడేది సోంగా భాష. మా నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యారు. ఒంగోలు చుట్టుపక్కల పొలాల్లో గట్ల మీద ముప్పై ఏళ్ళు నడిచిన మనిషి. ఇంగ్లీష్ అంతంత మాత్రమే. అయినా ఆ ఇద్దరూ ఎలా కలిసిపోయారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాన్న ఇసుకలో ఒక గీత చూసి చేత్తో పాము అని సైగ చేశారు. ట్రాకర్ దిగి చూసి పెద్దగా నవ్వి, అవును అని తలూపాడు. ఆ తర్వాత బండి ఆగితే చాలు, ఇద్దరూ కిందకి వంగి ఏదో చూస్తుండేవాళ్ళు.

జూన్ అంటే అక్కడ చలికాలం. పొద్దున్నే ఆరింటికి ఓపెన్ జీపులో వెళ్తుంటే చెవులు తెగిపోతాయి. లాడ్జ్ వాళ్ళు దుప్పట్లు, వేడినీళ్ళ రబ్బరు సంచులు ఇస్తారు. మా నాన్నకి అవేం అక్కర్లేదు, ఆయన దగ్గర మంకీ క్యాప్ ఉంది! మెరూన్ కలర్ మంకీ క్యాప్. ఆఖరి రోజు సాండ్ నది ఒడ్డున ఇద్దరినీ నిలబెట్టి నా ఫోన్‌తో ఫోటో తీశాను. నాన్న ఆ క్యాప్ తీసి ట్రాకర్‌కి పెట్టారు. అదే ఫోటో.

అప్పుడు ఆయన నన్ను ఒకటి అడిగాడు. "ఈ ఫోటో కాగితం మీద వేసి పంపగలరా? మా అమ్మకి చూపించాలి." వాళ్ళ అమ్మ చిన్నప్పుడు ఉన్నది ఆ నది దగ్గరేనట. తర్వాత వాళ్ళ కుటుంబం అక్కడినుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆమె మళ్ళీ ఆ ఒడ్డు చూడలేదు. కొడుకు అక్కడే పని చేస్తాడు, తల్లి మాత్రం రిజర్వ్ కంచెకి అవతల ఊళ్ళో ఉంటుంది.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. ఈ అడవులు రిజర్వులు అయ్యేటప్పుడు అక్కడ ఉన్న మనుషుల్ని ఖాళీ చేయించారు. అపార్తైడ్ పోయాక వాళ్ళు భూమి కోసం క్లెయిమ్‌లు వేశారు. సాబీ సాండ్‌లోనే మాలామాలా అని బాగా పేరున్న రిజర్వ్ ఉంది. 2013లో ప్రభుత్వం సుమారు వంద కోట్ల ర్యాండ్‌లు పెట్టి ఆ భూమి కొని, అక్కడి ఎన్వాండ్లమ్హారీ అనే కమ్యూనిటీకి తిరిగి ఇచ్చింది. అన్ని కుటుంబాలకీ అలా జరగలేదు.

నేను ఏమన్నాను? "తప్పకుండా పంపుతాను, ప్రామిస్." లాడ్జ్ అడ్రస్ కూడా ఫోన్‌లో రాసుకున్నాను.

పంపలేదు.

కారణం ఏమైనా ఉందా అంటే ఏమీ లేదు. వచ్చాక ఇన్‌స్టాలో పెట్టాను. దానికి లైకులు వచ్చాయి. పని అయిపోయినట్టు అనిపించింది. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు, "ఒరేయ్, ఆ ఫోటో పంపావా?" అని. "పంపుతాలే నాన్నా, ఈ వీకెండ్ పంపుతా." తర్వాత ఆయన అడగడం మానేశారు. నేను కూడా మర్చిపోయాను. ఫోన్ మార్చాను, ఇంకో ఫోన్ మార్చాను. ఆ ట్రిప్‌లో తీసినవి నాలుగు వేల ఫోటోలు. ఒక్కటి కూడా కాగితం మీద లేదు.

మొన్న బ్యాగులు సర్దుతుంటే అమ్మ ఒక కవరు తెచ్చి ఇచ్చింది. "మీ నాన్న బీరువాలో పెట్టి ఉంచారు. నువ్వు పంపేలా లేవని తనే స్టూడియోలో వేయించారు. అడ్రస్ నీ దగ్గరే ఉందని ఆగారు." లోపల రెండు ప్రింట్లు. పైన ఆయన చేతిరాతతో "ఆఫ్రికా" అని మాత్రం ఉంది. నేను అడ్రస్ ఇవ్వలేదని ఆ కవరు అక్కడే ఉండిపోయింది.

నేను వెంటనే లాడ్జ్‌కి మెయిల్ పెట్టాను. ఆ ట్రాకర్ ఇంకా ఉన్నారా అని. రెండు రోజులకి రిప్లై వచ్చింది, ఉన్నారు, ఇప్పుడు కుర్ర ట్రాకర్లకి నేర్పుతున్నారు అని.

సరే, వెళ్ళాం. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడినుంచి జోహన్నెస్‌బర్గ్, తర్వాత రోడ్డు మీద ఐదారు గంటలు. లాడ్జ్ చాలా మారింది. పాత రూములు తీసేసి పెద్ద సూట్లు కట్టారు, వైఫై అంతటా వస్తుంది. మా బుడ్డోడు మొదటి గంట వైఫై పాస్‌వర్డ్ తప్ప ఏమీ అడగలేదు. అమ్మకి కిచెన్ వాళ్ళు పప్పు, అన్నం చేసి పెట్టారు. కారం లేదని తన బ్యాగులోంచి కందిపొడి తీసి, పక్క టేబుల్ వాళ్ళకి కూడా రుచి చూపించింది.

ఆయన సాయంత్రం మా దగ్గరికి వచ్చారు. జుట్టు నెరిసింది. నేను గుర్తున్నానా అని అడిగితే మర్యాదగా నవ్వారు, అంటే గుర్తు లేనట్టే. ఏడాదికి ఎన్ని వందల మంది వస్తారు! అమ్మ కవరు తీసి చేతికి ఇచ్చింది. ఆయన ఫోటో చూసి ఒక్కసారిగా పెద్దగా నవ్వారు. తల మీద చెయ్యి పెట్టుకుని, "ఆ టోపీ! మా చిన్నోడు అది చిరిగిపోయేదాకా స్కూల్‌కి పెట్టుకెళ్ళాడు" అన్నారు. "పెద్దాయన ఏరీ?" అని చుట్టూ చూశారు. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత మెల్లగా అన్నారు, "మా అమ్మ కూడా పోయిన ఏడాది పోయింది."

అంతే. ఎందుకు పంపలేదు అని అడగలేదు. ఒక్క మాట అనలేదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తెలుగులోనే, "ఏం చేస్తాం నాయనా" అంది. ఆయనకి అర్థమైంది.

ఆ రాత్రి మా పాప అడిగింది. ఇప్పుడు దానికి పదిహేను. "డాడీ, ఫోటో పంపడానికి ఎంత టైమ్ పడుతుంది?" అరగంట, అన్నాను. ఇంకేమీ అడగలేదు. అడిగినా నా దగ్గర సమాధానం లేదు.

మర్నాడు పొద్దున ఆయన తన కుర్ర ట్రాకర్‌ని పక్కన పెట్టుకుని మాతోనే వచ్చారు. అమ్మని చూడగానే "అవుషేని" అన్నారు, సోంగాలో శుభోదయం. రెండు గంటలు తిరిగి ఒక ఆడ చిరుతని చూపించారు. కానీ మా పిల్లలకి ఎక్కువ గుర్తుండిపోయింది వేరేది. ఒక ఖడ్గమృగం కనిపించింది. బుడ్డోడు గట్టిగా, "దీని కొమ్ము ఏది?" అన్నాడు. 2017లో మేం చూసినప్పుడు పొడుగాటి కొమ్ము ఉంది. ఇప్పుడు మొద్దు మాత్రమే ఉంది.

తీసింది వేటగాళ్ళు కాదు, కాపాడేవాళ్ళే. ఆ కొమ్ము మన గోళ్ళలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతుంది. మత్తు ఇచ్చి, కళ్ళకి గంతలు కట్టి, పై భాగం కోసేస్తారు. నొప్పి ఉండదు, మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్ళకి మళ్ళీ కోయాలి. ఎందుకంటే సౌత్ ఆఫ్రికాలో 2014 ఒక్క ఏడాదిలోనే 1,215 ఖడ్గమృగాల్ని చంపేశారు. 2025లో సైన్స్ పత్రికలో ఒక స్టడీ వచ్చింది. క్రూగర్ చుట్టుపక్కల 11 రిజర్వులని 2017 నుంచి 2023 వరకు చూస్తే, కొమ్ములు తీసిన చోట వేట 78 శాతం దాకా తగ్గిందట.

నేను ఫోన్ తీయగానే రేంజర్ ఒక మాట అన్నాడు, "లొకేషన్ ఆఫ్ చేయండి." ఇది మీ అందరికీ చెప్తున్నాను. ఫోన్ ఫోటోలో ఆ చోటు అక్షాంశం, రేఖాంశం కూడా సేవ్ అవుతుంది. ఖడ్గమృగం ఫోటో అలాగే షేర్ చేస్తే వేటగాడికి మనమే దారి చూపించినట్టు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేయడానికి పది సెకన్లు పడుతుంది. మన అడవులకి వెళ్ళినా ఇదే చేయండి.

ఆఖరి రోజు అదే నది ఒడ్డున మళ్ళీ ఫోటో తీశాం. అమ్మ, ట్రాకర్, మా పిల్లలు. ఈసారి పాప నన్ను నమ్మలేదు. తనే లాడ్జ్ ఆఫీసుకి వెళ్ళి, అక్కడి ప్రింటర్ మీద నాలుగు కాపీలు వేయించి, ఆయన చేతికి ఇచ్చాకే బ్యాగు సర్దుకుంది. ఆయన "ఇన్‌కొము" అన్నారు. అంటే థ్యాంక్స్. నాకు మాత్రం తల ఎత్తాలనిపించలేదు.

మళ్ళీ వెళ్ళడం వర్త్ ఆ అని మీరు అడుగుతారు. జంతువుల కోసమే అయితే అంత ఖర్చు అక్కర్లేదు. క్రూగర్‌లో స్కుకూజా, లోయర్ సాబీ లాంటి ప్రభుత్వ క్యాంపులు చాలా తక్కువలో దొరుకుతాయి. మామూలు కారు అద్దెకి తీసుకుని వెళ్ళొచ్చు. తారు రోడ్డు మీద స్పీడు 50 దాటకూడదు, అంతే. అది మలేరియా ఉన్న ప్రాంతం, డాక్టర్‌ని అడిగి మందులు తీసుకోండి. మే నుంచి సెప్టెంబర్ దాకా గడ్డి ఎండిపోయి జంతువులు బాగా కనిపిస్తాయి. చిన్నపిల్లలు ఉంటే ఎన్నేళ్ళ నుంచి జీపు ఎక్కనిస్తారో బుక్ చేసేముందే అడగండి, ఒక్కో లాడ్జ్‌కి ఒక్కో రూల్.

నా వరకు అయితే, ఎనిమిదేళ్ళ కిందట అరగంటలో, కొరియర్ ఖర్చుతో అయిపోయే పని అది. ఇప్పుడు లక్షలు పెట్టి చేశాను. అయినా ఎవరికోసం అడిగారో ఆమెకి అందలేదు.

మీ ఫోన్‌లో కూడా అలాంటి ఫోటో ఒకటి ఉంటుంది. టూర్‌లో ఆటో అన్నకో, హోటల్లో అక్కకో, ఊళ్ళో తాతయ్యకో పంపుతానని చెప్పింది. ఈ వీడియో లైక్ చేయకపోయినా పర్లేదు. ముందు ఆ ఫోటో వెతికి పంపండి. పంపాక కామెంట్‌లో "పంపాను" అని రాయండి, చాలు.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం. నమస్తే.